ఫాటక్ కాడ జనం వేసే లెక్కలు

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే సుర్లా రోడ్, గొలంతరా, బరంపురం, జగన్నాథపూర్, ఛత్రపురం, గంజాం, హుమ్మా, రంభా, ఇలా వరసగా స్టేషన్లు. హౌరా–చెన్నై మెయిన్ లైను ఇది. డబుల్ లైను, కరెంటు లైను, పగలూ రాత్రీ ఎక్స్‌ప్రెస్‌లు, వాటి సందుల్లో బొగ్గు గూడ్సులు. ఈ లైనుకి అడ్డంగా పోయే రోడ్డు మీద ఎక్కడ గేటున్నా, అదే ఫాటక్, సీను మాత్రం ఒకేలా ఉంటుంది. హూటర్ మోగుతుంది, గేటు కర్ర వంగడం మొదలవుద్ది, అప్పటిదాకా నింపాదిగా వస్తున్న బైకు ఒక్కసారిగా స్పీడ్ అందుకుంటుంది. వెనకున్న ఆటో డ్రైవరు ముందు గేట్‌మ్యాన్ మొహం చూస్తాడు, తర్వాత పట్టాల వైపు చూస్తాడు. లారీ డ్రైవరు ఇంజిన్ ఆపేసి కిందకి దిగిపోతాడు. నెత్తి మీద గంప పెట్టుకున్న ఆవిడ ఎవరినీ పట్టించుకోకుండా కర్ర కింద నుంచి వంగి దాటేస్తుంది. "బండి ఇంకా రాలేదురా, బేగి దాటీ" అని ఒకడు, "ఉండరా నాయనా, ఏటంత తొందర" అని ఇంకొకడు, పక్కనే ఒడియాలో అదే మాట అటూఇటూ.

ఇదంతా చూసి జనానికి అవగాహన లేదు, చదువు లేదు అని తేల్చేయడం చాలా సులువు. కానీ రైలు గుద్దితే పోతామని తెలియని మనిషి ఆ గేటు దగ్గర ఒక్కడూ ఉండడు, రోజూ రెండుసార్లు దాటేవాడికైతే మరీ బాగా తెలుసు. తెలిసీ ఎందుకు దాటుతున్నాడు అనేది అసలు ప్రశ్న, దానికి జవాబు కొంచెం కంట్లో ఉంది, కొంచెం అలవాటులో ఉంది, ఎక్కువ భాగం మాత్రం ఆ గేటు వాడికి ఇన్నేళ్లుగా నేర్పిన పాఠంలో ఉంది.

ముందు కన్ను సంగతి చూద్దాం, ఎందుకంటే "నేను చూసే దాటాను" అనే మాట అందరూ అంటారు, అది చాలాసార్లు నిజమే కూడా. చూస్తారు, రైలు కనిపిస్తుంది, ఇంకా దూరంగా ఉంది అనుకుంటారు. రైలింజన్ వెడల్పు సుమారు 3 మీటర్లు. అది 1 కిలోమీటరు దూరంలో ఉన్నప్పుడు ఎంత కనిపిస్తుందంటే, చెయ్యి చాచి వేళ్ల మధ్య పట్టుకున్న ఆవగింజంత. అర కిలోమీటరుకి వచ్చేసరికి మిరియపు గింజంత. 250 మీటర్లకి శనగ గింజంత, 100 మీటర్లకి కుంకుడుకాయంత. ఇప్పుడు టైము చూడండి. గంటకి 110 కిలోమీటర్ల స్పీడులో ఆవగింజ మిరియం అవ్వడానికి 16 సెకన్లు పడుతుంది, మిరియం శనగ గింజ అవ్వడానికి 8, శనగ గింజ కుంకుడుకాయ అవ్వడానికి 5, ఆ కుంకుడుకాయ వచ్చి మీద పడ్డానికి 3 సెకన్లు దాటితే గొప్ప. మొత్తం 33 సెకన్ల ప్రయాణంలో మొదటి సగం అంతా కంటికి ఏ మార్పూ లేనట్టే ఉంటుంది, చివరి కొన్ని సెకన్లలో మాత్రం ఇంజన్ ఒక్కసారిగా ఉబ్బినట్టు పెరిగిపోద్ది. పట్టాల పక్కన నిలబడి చూసేవాడికి రైలు దాదాపు ఎదురుగానే వస్తుంది కాబట్టి ఎడమ నుంచి కుడికి కదలడం అనేది కనపడదు, సైజు పెరగడం ఒక్కటే ఆధారం, ఆ ఆధారం మరీ ఆలస్యంగా అందుతుంది.

దీనికి తోడు పెద్ద వస్తువులు నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపించడం అనే ఇంకో భ్రమ ఉంది. పెద్ద విమానం దిగుతున్నప్పుడు తేలుతున్నట్టు ఉంటుంది, చిన్నది రయ్యిన పోతున్నట్టు ఉంటుంది, నిజానికి పెద్దదే ఎక్కువ స్పీడులో ఉండొచ్చు. రైల్వే క్రాసింగుల్లో జరిగేది కూడా ఇదే అయ్యుండొచ్చని హెర్షల్ లైబోవిట్జ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1985లో రాశాడు. తర్వాత 2013లో న్యూజిలాండ్ వైకాటో యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ తెర మీద రైలునీ కారునీ చూపించి పరీక్ష పెడితే, ఒకే స్పీడులో వస్తున్నా రైలే నెమ్మదిగా వస్తున్నట్టు జనం చెప్పారు. అంటే బైకు మీదున్న కుర్రాడు ఎదురుగా వచ్చే లారీ స్పీడుని అంచనా వేసే పద్ధతిలోనే రైలుని కూడా అంచనా వేస్తాడు, లారీ విషయంలో ఏళ్ల తరబడి సరిగ్గా పనిచేసిన లెక్క ఇక్కడ తప్పుతుంది. పైగా లారీ విషయంలో లెక్క తప్పితే లారీవాడు బ్రేకు వేస్తాడు, పక్కకి తిప్పుతాడు, ఒక బూతు తిట్టి పోతాడు. రైలుకి ఈ సర్దుబాటు లేదు. ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగడానికి దాదాపు కిలోమీటరు కావాలి, లోడున్న గూడ్సుకి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మన రోడ్ల మీద డ్రైవింగ్ అంతా ఎదుటివాడు సర్దుకుంటాడు అనే నమ్మకం మీదే నడుస్తుంది కదా, ఆ నమ్మకం చెల్లని చోటు బహుశా ఇదొక్కటే.

ఈ స్పీడు అంచనా విషయంలో పర్లాకిమిడి, గుణుపురం వైపు కథ కొంచెం వేరు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే రెండున్నర అడుగుల నారో గేజ్ లైను పడింది, పర్లాకిమిడి లైట్ రైల్వే అనేవారు, తర్వాత 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా అది ఎంత తీరిగ్గా పోయేదంటే, దానితో పెరిగినవాళ్లకి రైలు అంటే భయం కంటే చనువు ఎక్కువ. గొడ్లు అడ్డం వస్తే బండి నెమ్మదించేది, మనుషులు పక్కన నడుస్తూ మాట్లాడుకునేవాళ్లు. 2004లో దాన్ని ఆపేసి, 2011 నాటికి బ్రాడ్ గేజ్ చేశారు. పట్టాలు అదే దారిలో ఉన్నాయి, పేర్లు అవే, పొలాలూ అవే, మీద వచ్చే బండి మాత్రం వేరే. వందేళ్లు ఒక వేగానికి అలవాటుపడిన ఊరి చూపు గేజ్ మార్చినంత తొందరగా మారదు, పాతతరం మనిషి తలతిప్పి చూసే తీరులోనే ఆ చిన్న రైలు ఇంకా ఉంటుంది. ఇది లెక్కల్లో రుజువు చేసే విషయం కాదు గానీ, సేఫ్టీ గురించి మాట్లాడేవాళ్లు పట్టించుకోవాల్సిన విషయమే.

సరే, కన్ను మోసం చేస్తుంది అనుకుందాం. కానీ గేటు ఉన్నదే కన్నుని నమ్ముకోవద్దని కదా, మరి గేటు పడ్డాక కూడా ఎందుకు దూరతారు? ఇక్కడే వెయిటింగ్ సంగతి వస్తుంది, అసలు సరుకంతా ఇందులోనే ఉంది.

గేటు దగ్గర నిలబడ్డ మనిషికి తెలియనిది ఒక్కటే, ఇంకెంతసేపు అనేది. మూడు నిమిషాలా పదమూడు నిమిషాలా? ఒక బండా రెండా? గేటు పడిన వెంటనే రైలు వచ్చేస్తే ఎవరూ దూరరు, అది ఎదురుగా కనపడుతుంది కాబట్టి. గేటు పడి రెండు నిమిషాలైనా పట్టాల మీద ఏమీ లేకపోతే, ఆ ఖాళీ పట్టాలు మనిషిని పిలుస్తున్నట్టే ఉంటాయి. అమెరికాలో ఆటోమేటిక్ గేట్ల మీద 1990 ప్రాంతంలో చేసిన అధ్యయనంలో, లైట్లు వెలిగాక 20 సెకన్లలోపు రైలు రావాలని డ్రైవర్లు ఆశిస్తున్నారని, గేటున్న చోట 60 సెకన్లు దాటితే ఆ హెచ్చరిక మీద నమ్మకం సడలిపోతుందని తేలింది. మన దగ్గర 60 సెకన్లు అంటే గేటు పడ్డాక ఇంజిన్ ఆపి స్టాండు వేసేంత టైము.

మన గేట్లు ఎందుకంత ముందే వేస్తారు అనేది చాలామందికి తెలియదు, గేట్‌మ్యాన్ బద్ధకం అనో, లంచ్‌కి పోయాడు అనో అనుకుంటారు. జరిగేది ఇది. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటులో గేటు పూర్తిగా పడి లాక్ అయితే తప్ప రైలుకి ఇవ్వాల్సిన సిగ్నల్ పడదు. డ్రైవరు బ్రేకు వెయ్యకుండా ఫుల్ స్పీడులో రావాలంటే చాలా దూరం ముందునుంచే సిగ్నల్స్ పచ్చగా కనిపించాలి, అంటే బండి ఇంకా కిలోమీటర్ల దూరంలో ఉండగానే గేటు పడిపోవాలి. ఒకసారి సిగ్నల్ ఇచ్చేశాక బండి దాటేవరకు గేటు తెరవడం గేట్‌మ్యాన్ చేతిలో కూడా ఉండదు. "బాబూ, పేషెంటు ఉన్నాడు, కూసింత ఎత్తీ" అని బతిమాలినా, తిట్టినా, అతను ఎత్తకపోవడం మొండితనం అనుకుంటారు, లాక్ పడి ఉంది అనుకోరు. ఇంటర్‌లాకింగ్ లేని గేట్లలో స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి చెప్తాడు, గేట్‌మ్యాన్ గేటు వేసి, వేశానని గుర్తుగా ప్రైవేట్ నంబర్ అనే కోడ్ చెప్తాడు, ఇద్దరూ రిజిస్టర్‌లో రాసుకుంటారు, అప్పుడు బండి కదులుతుంది. ఈ రెండో రకంలో భద్రత మొత్తం ఆ ఫోను మాటమీదా, అవతలి మనిషి మెలకువమీదా నిలబడి ఉంటుంది.

ఇలా ముందే వేయడం రైల్వే లెక్కలో వంద శాతం కరెక్టు. గేటు బయట ఉన్నవాడి లెక్కలో మాత్రం అది అబద్ధం కింద నమోదవుద్ది. రోజూ గేటు పడుతుంది, రోజూ చాలాసేపు బండి రాదు, ఒకరోజు తొందరలో కింద నుంచి దూరి వెళ్లాడు, ఏమీ కాలేదు. మర్నాడు మళ్లీ, ఏమీ కాలేదు. ప్రతిసారీ ఐదు నిమిషాలు మిగిలాయి. ఏడాదికి మూడొందల సార్లు లాభం చూపించి ఒక్కసారి కూడా నష్టం చూపించని పనిని మనిషి బుర్ర ప్రమాదం అని ఎలా గుర్తుపెట్టుకుంటుంది? పోస్టర్ మీద పుర్రె బొమ్మ ఒకవైపు, సొంత అనుభవం ఇంకోవైపు, ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. అందుకే గేటుకి దగ్గరలో ఉండే ఊరివాళ్లే ఎక్కువ తెగిస్తారు, కొత్తగా వచ్చినవాడు బుద్ధిగా ఆగుతాడు. అలవాటు ధైర్యాన్నిస్తుంది, ఆ ధైర్యానికి బయటివాళ్లు పెట్టే పేరు నిర్లక్ష్యం.

టైము విలువ కూడా అందరికీ ఒకటి కాదు. ఛత్రపురం, గంజాం వైపు మొగలిపూల సీజన్లో కోసిన పువ్వు ఎంత తొందరగా అత్తరు బట్టీకి చేరితే అంత మంచిది, ఆలస్యమైతే వాసన పోతుంది, ఆ పూట కూలి మీద దెబ్బ. బరంపురంలో పరీక్ష రాయాల్సిన కుర్రాడికి పది నిమిషాలంటే సంవత్సరం. చేపల గంపతో సంతకి పోయే మనిషికీ అంతే. వీళ్లకి "ప్రాణం ముఖ్యమా టైము ముఖ్యమా" అని బోర్డు రాసిపెడితే నవ్వొస్తుంది, ఎందుకంటే వాళ్ల దృష్టిలో ప్రాణం అసలు పందెంలో లేనే లేదు, టైము మాత్రం ఖచ్చితంగా పోతోంది. గేటు పక్కన టీ బడ్డీ, పల్లీలమ్మేవాడు ఉన్నచోట జనం కాస్త ఓపికగా ఉంటారు, ఇది ఎవరైనా గమనించొచ్చు. చేతిలో ఏదో ఒక పని ఉంటే ఎదురుచూపు చిన్నదైపోద్ది.

ఇక పక్కవాడి ప్రభావం. గేటు కింద నుంచి మొదట దూరేవాడు ఒక్కడే కష్టపడి నిర్ణయం తీసుకుంటాడు, మిగతా పదిమంది వాడిని చూసి నిర్ణయం తీసుకుంటారు. మొదటివాడు అటూ ఇటూ చూస్తాడు, రెండోవాడు సగం చూస్తాడు, ఐదోవాడు ముందువాడి వీపు మాత్రమే చూస్తాడు. ఆ ఐదోవాడు దాటే టైముకి పరిస్థితి మారిపోయి ఉంటుంది, కానీ అతనికి అందిన సమాచారం మాత్రం మొదటివాడు చూసిన పట్టాల గురించి. గుంపులో ఉంటే పట్టుబడం అనే ధీమా కూడా తోడవుతుంది. నిజానికి రైల్వే చట్టం 1989 ప్రకారం పట్టాల మీదకి అనుమతి లేకుండా వెళ్తే సెక్షన్ 147 కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, వేసి ఉన్న గేటు తెరిస్తే సెక్షన్ 160 కింద మూడేళ్లు, గేటు విరగ్గొడితే ఐదేళ్ల దాకా. ఎంతమంది విన్నారు ఈ సెక్షన్ల పేర్లు? విన్నా, గేటు దగ్గర ఆ క్షణంలో గుర్తొచ్చేది చట్టం కాదు, ముందు దూరిన వాడి వీపే.

అన్నిటికంటే విచిత్రం గేటు ముందు బండ్లు నిలబడే తీరు. రోడ్డుకి ఎడమ పక్క లైను నిండగానే వెనకొచ్చినవాడు ఖాళీగా ఉన్న కుడి పక్కకి వచ్చి గేటుకి ఆనించి పెడతాడు, అతని వెనక ఇంకొకడు. అటువైపు కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. గేటు లేచే సమయానికి రెండు వైపులా రోడ్డు మొత్తం నిండిపోయి, రెండు సైన్యాలు ఎదురెదురుగా మోహరించినట్టు ఉంటుంది. గేటు ఎత్తగానే అందరూ ఒకేసారి కదులుతారు, పట్టాల మధ్యలో ఇరుక్కుపోతారు, హారన్లు, అరుపులు, ఎవడూ వెనక్కి పోడు, పోవడానికి వెనక సందు కూడా ఉండదు. ఒక్కొక్కడి లెక్క విడిగా చూస్తే తెలివైనదే, ముందు నిలబడితే ముందు పోతాం అని. అందరూ అదే తెలివి చూపిస్తే ఎవరూ పోరు. కథ అక్కడితో అయిపోదు. పట్టాల మీద బండ్లు ఇరుక్కుని ఉన్నంతసేపూ గేట్‌మ్యాన్ మళ్లీ గేటు వేయలేడు, గేటు పడకపోతే తర్వాతి రైలుకి సిగ్నల్ రాదు, ఆ రైలు అవుటర్‌లో ఆగిపోద్ది, ఆగిన రైలు మళ్లీ స్పీడందుకుని వచ్చేదాకా గేటు ఇంకా ఎక్కువసేపు మూసి ఉంటుంది, ఆ ఆలస్యానికి అవతల మళ్లీ రెండు లైన్లు నిండుతాయి. అంటే గేటు ఇంతసేపు వేస్తారేంటి అని తిట్టుకునే ఆలస్యంలో కొంత భాగం ఆ తిట్టేవాళ్లే తయారుచేసింది. రోడ్డు మధ్యలో గేటుకి ముందు ఓ యాభై మీటర్లు డివైడర్ కడితే ఈ గొడవ చాలావరకు పోతుంది, ఉపన్యాసం కంటే సిమెంటు దిమ్మెలు బాగా పనిచేసే చోటిది. నడిచేవాళ్లని మాత్రం డివైడర్ ఆపదు, వాళ్ల సంగతి వేరు.

డబుల్ లైనులో ఇంకో ఉచ్చు ఉంది, రెండో బండి. గేటు పడింది, మద్రాసు వైపు పోయే ఎక్స్‌ప్రెస్ దడదడమంటూ వెళ్లిపోయింది, చివరి బోగీ కనుమరుగవుతుండగానే జనం కర్ర కింద దూరేస్తారు. ఎదురుచూసింది ఆ బండి కోసమే కదా, అది పోయింది, ఇంక గేటుకి పనేముంది అనేది వాళ్ల లెక్క. గేటు ఇంకా లేవలేదంటే దానికి కారణం ఉంటుంది అనే ఆలోచన రాదు, గేట్‌మ్యాన్ లేటు చేస్తున్నాడనే అనిపిస్తుంది. అటు హౌరా వైపు పోయే బండిని ఈ మొదటి బండే అడ్డంగా నిలబడి కనపడకుండా చేస్తుంది, దీని చప్పుడు ఆ రెండో బండి చప్పుడుని మింగేస్తుంది. లెవెల్ క్రాసింగ్‌కి 600 మీటర్ల ముందు పట్టాల పక్కన డబ్ల్యూ, ఎల్ అని రాసిన పసుపు బోర్డు ఉంటుంది, అక్కడి నుంచి డ్రైవరు హారన్ కొట్టాలి. 110 స్పీడులో 600 మీటర్లు అంటే 20 సెకన్లు, 130 స్పీడైతే 17 సెకన్లు కూడా రావు. గేటు నుంచి గేటుకి ఓ 15 మీటర్లు అనుకున్నా మామూలు నడకకి 12 సెకన్లు, బైకు వంచి రెండు కర్రల కింద నుంచి లాగాలంటే ఇంకా ఎక్కువ. హారన్ విని "ఇంకా టైముంది" అనుకున్నవాడి దగ్గర నిజంగా ఉన్న టైము ఇంతే, అందులోంచి చక్రం కంకరలో దిగబడడం, చెప్పు ఊడడం లాంటివి తీసెయ్యాలి.

బరువు బండ్ల డ్రైవర్ల నిర్ణయం ఇంకో రకం. ధాన్యం బస్తాలతో ట్రాక్టరు ట్రాలీ గంటకి 5 కిలోమీటర్ల స్పీడులో ఎగుడుదిగుడు క్రాసింగ్ ఎక్కి దిగాలంటే, దాని పొడవు కూడా కలుపుకుంటే 16, 17 సెకన్లు తక్కువ కాదు. గేటు కర్ర కదలకముందే ఎక్కాను కదా అనుకుంటాడు గానీ, తను ఎక్కేముందు అవతల పక్క జాగా ఉందా లేదా అన్నది చాలామంది చూడరు, ముందు బండి తోక పట్టుకునే పోతారు. కరెంటు లైనైతే పైన 25 వేల వోల్టుల తీగ, అందుకే గేటుకి ముందు 4.67 మీటర్ల ఎత్తులో అడ్డంగా హైట్ గేజ్ పెడతారు. గడ్డి లోడు దానికి తగిలితే డ్రైవర్లు విసుక్కుంటారు, "ఇంకో జానెడు ఎత్తులో పెడితే ఏటైపోద్ది" అని. తీగని ముట్టుకోకపోయినా మరీ దగ్గరికి వెళ్తే చాలు కరెంటు దూకుతుంది, అది కంటికి కనపడదు కాబట్టి ఆ జానెడు లెక్క వాళ్లకి అన్యాయంగానే కనిపిస్తుంది.

బండి పట్టాల మీద ఆగిపోతే చాలామంది చేసే మొదటి పని స్టార్ట్ చెయ్యడానికి మళ్లీ మళ్లీ కిక్కులు కొట్టడం, తోయడం. లక్షలు పోసి కొన్న బండి, దాన్ని వదిలి రావడం చేతకాదు. గేట్‌మ్యాన్‌కి మాత్రం వేరే పని ఉంటుంది, ఎర్ర జెండా పట్టుకుని రైలు వచ్చే వైపు పరిగెత్తి, 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటొనేటర్, 1,200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు డిటొనేటర్లు పెట్టాలి, చక్రం ఎక్కగానే అవి పేలితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఆ 1,200 మీటర్లు మనిషి కంకర మీద పరిగెత్తాలంటే నిమిషాలు పడుతుంది, రైలుకి 40 సెకన్లు. కాబట్టి ముందు మనుషులు దిగి దూరంగా పోవడం, గేట్‌మ్యాన్‌కి వెంటనే చెప్పడం, బండి సంగతి ఆ తర్వాత.

కాపలా లేని గేట్లు ఉన్న రోజుల్లో అయితే ఈ నిర్ణయం మొత్తం డ్రైవరు నెత్తినే ఉండేది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 131 అందుకే ఉంది, అలాంటి చోట బండి ఆపాలి, కండక్టరో క్లీనరో దిగి నడిచి వెళ్లి రెండు వైపులా చూసి రావాలి, వాళ్లు లేకపోతే డ్రైవరే దిగాలి. దిగి చూసే డ్రైవర్లు ఎంతమంది ఉండేవారో అందరికీ తెలుసు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూలు బస్సుని నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్దితే పదిహేను మందికి పైగా పిల్లలు పోయారు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్ కుషీనగర్‌లో 13 మంది పిల్లలు, అక్కడ డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయని వార్తల్లో వచ్చింది. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్ గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు, కొన్నిచోట్ల గేట్‌మ్యాన్‌ని పెట్టారు, కొన్నిచోట్ల అండర్‌పాస్ కట్టారు, కొన్ని రోడ్లు మూసేశారు. రైల్వే చేసిన మంచి పనుల్లో ఇదొకటి, అందులో అనుమానం లేదు.

దాంతో నిర్ణయం డ్రైవరు నెత్తి మీద నుంచి గేట్‌మ్యాన్ నెత్తి మీదకి మారింది. ఇప్పుడు గేటు తెరిచి ఉంటే ఎవరూ ఆగరు, చూడరు, చూడాల్సిన అవసరం ఉందని కూడా అనుకోరు, అలా అనుకోవడం తప్పు కూడా కాదు. కానీ ఆ గేటు ఇంటర్‌లాక్ లేనిదైతే తెరిచి ఉండడానికి ఒక మనిషి పొరపాటు చాలు. 2025 జులై 8న తమిళనాడు కడలూరు జిల్లా సెమ్మన్‌కుప్పంలో స్కూలు వ్యానుని రైలు గుద్ది ముగ్గురు విద్యార్థులు చనిపోయింది ఇంటర్‌లాకింగ్ లేని గేటులోనే. ఆ తర్వాత రైల్వే శాఖ గేట్లకి సీసీ కెమెరాలు, ఇంటర్‌లాకింగ్ పరిమితి 20 వేల టీవీయూ నుంచి 10 వేలకి తగ్గింపు అని ఆర్డర్లిచ్చింది. టీవీయూ అంటే రోజుకి వెళ్లే రైళ్లని రోడ్డు మీద వెళ్లే బండ్ల యూనిట్లతో గుణిస్తే వచ్చే లెక్క, కారుకీ లారీకీ ఒక యూనిట్, ఆటోకి సగం.

అసలు గేట్లే లేకుండా చేస్తే? 2012లో రైల్వే భద్రత మీద వేసిన అనిల్ కాకోద్కర్ కమిటీ ఐదేళ్లలో అన్ని లెవెల్ క్రాసింగులూ ఎత్తేయాలని, దానికి 50 వేల కోట్లవుతాయని చెప్పింది. పల్లెల్లో గేటు తీసేసి చాలాచోట్ల కట్టేది ఎత్తు తక్కువ అండర్‌పాస్. వేసవిలో బాగానే ఉంటుంది, జులై నుంచి మోకాలి లోతు నీళ్లు, తుఫాను పడితే ఇంకా లోతు, గంజాం జిల్లాకి తుఫాన్లు కొత్త కాదు. అప్పుడు జనం ఏం చేస్తారు, కట్ట ఎక్కి పట్టాల మీద నుంచి సైకిళ్లు మోసుకుని దాటతారు. గేటూ లేదు, గేట్‌మ్యానూ లేడు, హారన్ కొట్టమనే బోర్డు కూడా ఉండదు. కాగితం మీద ఆ క్రాసింగ్ లేదు కాబట్టి ప్రమాదం జరిగితే అది ట్రెస్‌పాసింగ్ లెక్కలోకి పోతుంది.

కన్నుకి సాయం చెయ్యడం మీద మాత్రం ముంబైలో ఒక మంచి ప్రయోగం జరిగింది. 2010 ప్రాంతంలో వడాలా స్టేషన్ దగ్గర ఫైనల్‌మైల్ అనే సంస్థ రైల్వేతో కలిసి మూడు పనులు చేసింది. పట్టాల కింద స్లీపర్లకి కొన్ని కొన్ని ఎడంతో పసుపు రంగు వేశారు, రైలు వాటిని ఒకదాని తర్వాత ఒకటి కప్పేస్తుంటే దాని స్పీడు కంటికి తెలుస్తుంది. పొడవాటి హారన్ బదులు మధ్యలో చిన్న గ్యాప్ ఇచ్చి రెండు పొట్టి హారన్లు కొట్టించారు, ఆ గ్యాపే మనిషి తల తిప్పేలా చేస్తుంది. బొమ్మల బోర్డు బదులు రైలు కింద పడబోతున్న మనిషి మొహం పెద్ద ఫోటో పెట్టారు. అక్కడ చావులు బాగా తగ్గాయని వార్తలొచ్చాయి. ఫోటోకి ఒడియా, తెలుగు అనే తేడా ఉండదు, సరిహద్దు దాటగానే లిపి మారిపోయే బోర్డులున్న చోట ఇది చిన్న విషయం కాదు. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు ఒడియా చకచకా చదువుతారు, శ్రీకాకుళం వైపు నుంచి లోడు తెచ్చే డ్రైవరు చదవలేడు.

బ్రిడ్జిల సంగతికొస్తే, రైల్వే ఖర్చు పంచుకుని రోడ్డు బ్రిడ్జి కట్టడానికి పాత లెక్క లక్ష టీవీయూ. మెయిన్ లైనులో రోజుకి వంద బండ్లు పోయే చోట వెయ్యి యూనిట్ల రోడ్డు ట్రాఫిక్ ఉంటే ఆ లక్ష వచ్చేస్తుంది. గుణుపురం లైనులో రోజుకి పది బండ్లనుకుంటే రోడ్డు మీద పదివేల యూనిట్లు రావాలి, కాశీనగర్ వైపు పల్లె రోడ్ల మీద అది ఎప్పటికీ రాదు. అక్కడ గేటే ఉంటుంది. అలాంటి గేటు గుమటీలో, అంటే గేట్‌మ్యాన్ ఉండే చిన్న గదిలో, గోడకి ఫోను ఉంటుంది, బల్ల మీద రిజిస్టర్ ఉంటుంది, ఏ బండి ఏ స్టేషన్‌లో ఎన్ని గంటలకి బయల్దేరిందో గంట నిమిషాలతో సహా అందులో రాసి ఉంటుంది. ఆ గుమటీకి పది అడుగుల దూరంలో కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి మాత్రం బండి ఎప్పుడొస్తుందో తెలియక మెడ సాచి పట్టాల వైపు చూస్తుంటాడు.